గొడ్ల సావిట్లోంచి మళ్లీ కాలవ కట్ట మీదకి: మా నాన్న హెర్క్యులస్ సైకిలు



జీవామృతం, కషాయాలు, నవధాన్యాలు... మనం ఎప్పుడూ మాట్లాడుకునేవి ఇవే కదా. ఈసారి మాత్రం ఒక పాత సైకిలు గురించి. పైన వీడియో చూసి "ఏమండీ, సేద్యం మానేసి సైకిలు షాపు పెట్టారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగండి, పర్లేదు. మా సేద్యానికీ ఈ సైకిలుకీ ఉన్న లంకె ఏంటో చదివితే మీకే తెలుస్తుంది. వీడియో తీసేటప్పుడు చేతులు గ్రీజులో ఉండి సగం విషయాలు చెప్పడం మర్చిపోయాను. అవి ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. సార్వాలో వరి, వరి కోసే ముందు మినుము చల్లడం, ఎండాకాలంలో నవధాన్యాలు. ఆరేళ్లుగా మందులు లేకుండా చేస్తున్నాం.

సైకిలు మా నాన్నది. 1977 నవంబరు దివిసీమ తుపానులో కోతకొచ్చిన వరి మొత్తం పడిపోయి నీళ్లలో కుళ్లిపోయిందట. ఆ అప్పులు తీరి చేతిలో నాలుగు డబ్బులు ఆడింది 1979లో. ఆ సంక్రాంతికి తెనాలి వెళ్లి కొన్నాడు. మూడొందల చిల్లర అని ఒకసారి చెప్తాడు, నాలుగొందలని ఇంకోసారి. హెర్క్యులస్. నల్ల రంగు, 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్లు చేసేవారు. ఆ కంపెనీ 1949లో మొదలైంది. ఉత్తరాదిన సోనీపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో సైకిల్స్ 1956లో వచ్చాయి. ఏ కంపెనీదైనా ఆ కాలం పెద్ద సైకిలు కట్టుబడి దాదాపు ఒకటే. కాబట్టి మీ ఇంట్లో ఉన్నది వేరే పేరుదైనా కింద రాసిన పని అంతా దానికీ వర్తిస్తుంది.

ఆ సైకిలు మొయ్యనిది లేదు. పాల క్యాన్లు, పచ్చగడ్డి మోపులు, ఆ రోజుల్లో యూరియా బస్తాలు కూడా (ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది). మా చెల్లికి జ్వరం వస్తే రాత్రిపూట డైనమో లైటు వేసుకుని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది దీని మీదే. సీటు అందక, బారు కింద నుంచి కాలు పెట్టి అడ్డంగా తొక్కి నేను నేర్చుకున్నదీ దీని మీదే. వెనక మడ్‌గార్డు మీద నాన్న పేరు, ఊరి పేరు తెల్ల రంగుతో రాసి ఉండేవి. తెనాలిలో బోర్డులు రాసే ఆయన చేత రాయించాడు. ఆ అక్షరాల సంగతి మళ్లీ వస్తాను. అందులో నా తప్పు ఒకటుంది.

నాన్నకిప్పుడు 76. డెబ్బై దాటాక మోకాళ్ల వల్ల ఎక్కి తొక్కడం మానేశాడు. అయినా పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ కాలవ కట్ట మీద కిలోమీటరున్నర నడిచి చేనుకి వచ్చేవాడు. క్యారియరు మీద కొడవలి, మంచినీళ్ల సీసా. ఎక్కని సైకిలు ఎందుకు మోసుకెళ్తున్నావు నాన్నా అని నేనే ఎన్నోసార్లు నవ్వాను.

మూడేళ్ల కిందట వానల్లో వెనక చక్రం బిగుసుకుపోయింది. "తర్వాత చేయిద్దాంలే" అని గొడ్ల సావిట్లో గోడకి ఆనించాను. దాని మీదకి గోనె సంచులు చేరాయి, సంచుల మీదకి కోళ్లు చేరాయి. నాన్న చేనుకి రావడం తగ్గింది. ఏడాది తిరిగేసరికి పూర్తిగా మానేశాడు. మోకాళ్లు ముదిరాయనుకున్నాం. బండి మీద తీసుకెళ్తానంటే, "నువ్వు ఎక్కిస్తే ఎక్కాలి, నువ్వు దింపితే దిగాలి, నాకెందుకురా ఆ తంటా" అన్నాడు. చేతికర్ర కొనిపెట్టాను. గుమ్మం పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది, ముట్టుకోలేదు.

ఆయన రాకపోతే చేనుకి ఏం తగ్గిందంటారా? నిరుడు వరిలో సుడిదోమ వచ్చింది. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన కూర్చుంటుంది కదా, గట్టు మీద నుంచి చూస్తే కనపడదు. నాన్న రోజూ నాలుగైదు చోట్ల దుబ్బులు విడదీసి చూసేవాడు. నేను చూసేసరికి ఆలస్యమైంది. నీళ్లు తీసేసి, పాయలు తీసేలోపు రెండు చోట్ల మంచమంత మేర ఎండిపోయింది. కషాయాలు ఎన్ని నేర్చుకున్నా, రోజూ దుబ్బు విడదీసి చూసే మనిషి లేకపోతే ఇంతే.

మొన్న మినుము నూర్పిడి అయ్యాక సావిడి సర్దుతుంటే పాత ఇనప సామాన్ల ఆయన వచ్చాడు. సైకిలు తూకం వేసి ఐదొందలు చేతిలో పెట్టాడు. నేను సరే అన్నాను. అరుగు మీద నుంచి నాన్న లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, సైకిలు హ్యాండిల్ మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. ఇంట్లో గోడలు పట్టుకుని వంగి నడిచే మనిషి, హ్యాండిల్ పట్టుకోగానే నడుం నిటారుగా పెట్టి నిలబడ్డాడండీ. నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆ సైకిలే ఆయన చేతికర్ర. దాన్ని నేను కోళ్లకి వదిలేశాను.

ఐదొందలూ తిరిగిచ్చేశాను.

నవధాన్యాలు చల్లడానికి ఇంకా టైం ఉంది. ఇంట్లోనే బాగు చేద్దామని ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, నేను కూర్చున్నాం. మా ఊరి సైకిలు షాపు మూసేసి చాలా కాలమైంది. అది నడిపిన పెద్దాయన ఉన్నాడు, కళ్లు సరిగ్గా కనపడవు, చేతులకి మాత్రం అన్నీ గుర్తే. "బాబాయ్, ఓరాయిలింగ్ చెయ్యాలి" అంటే నవ్వాడు. ఓవర్‌హాలింగ్‌ని మా వైపు అందరం అలాగే అనేవాళ్లం. "రూపాయి ఖర్చు పెట్టే ముందు ఫ్రేము చూడు" అన్నాడు.

అది మంచి మాట. గొట్టాలు కలిసే అతుకుల దగ్గర, ముందు ఫోర్కు మెడ దగ్గర పగులు ఉందేమో చూడాలి. పెడళ్ల ఇరుసు ఉండే గూడు కింద తుప్పు తిని చిల్లు పడిందేమో చూడాలి. పానాతో మెల్లగా కొట్టుకుంటూ పోతే మంచి గొట్టం ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట బొద్దుగా మోగుతుంది. ఫ్రేము పోయి ఉంటే ఆశ వదులుకోవడం మంచిది. వెల్డింగు చేయించి ముసలాయన చేతికివ్వకూడదు. మాది బాగానే ఉంది.

విప్పేముందు ఫోనుతో అన్ని వైపులా ఫొటోలు తీయండి. మా అమ్మాయి కోడిగుడ్ల అట్ట తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో జత నట్లు, వాషర్లు పెట్టింది. వాషరు ముందా నట్టు ముందా అనే గొడవ లేకుండా పోయింది. తుప్పు పట్టి కదలని నట్టుని బలవంతం చేయకండి. కిరసనాయిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి చుక్కలు చుక్కలుగా వేసి రెండు రోజులు వదిలేయండి. సీటు గొట్టం మాకు మూడో రోజు కదిలింది. ఇంకోటి, ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుంది. మామూలు నట్టులా తిప్పితే ఇంకా బిగుస్తుంది. నేను పావుగంట దాన్ని బిగిస్తూ కూర్చున్నాను.

కాటర్ పిన్నుల దగ్గర కూడా దెబ్బ తిన్నాను. పెడలు చెయ్యిని ఇరుసుకి పట్టి ఉంచే ఏటవాలు పిన్ను అది. నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో టక్ టక్ అని పదిహేను దెబ్బలు కొట్టాను. పిన్ను రాలేదు, మర చితికి పుట్టగొడుగులా విచ్చుకుంది. బాబాయి విని తల కొట్టుకున్నాడు. చెయ్యాల్సింది ఇలా: నట్టుని పిన్ను చివర సమానంగా ఉండేలా వదులు చేసి అక్కడే ఉంచాలి. పెడలు చెయ్యి కింద, పిన్ను తల దూరేంత బోలు ఉన్న ఇనప గొట్టం ముక్క నేలకి ఆనించి నిలబెట్టాలి. అప్పుడు ఒక్క బలమైన దెబ్బ. దెబ్బ ఫ్రేము మీదకి పోకుండా నేలలోకి పోతుంది. చిన్న దెబ్బలు పదిహేను కొడితే పిన్ను చెడుతుంది, ఒక్క పెద్ద దెబ్బకి వచ్చేస్తుంది. రెండో వైపు అలాగే వచ్చింది. మొదటి వైపుది డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది. కొత్త పిన్నులు ఎలాగూ వేస్తాం, అవేం ఖరీదు కాదు.

వెనక చక్రం ఎందుకు బిగుసుకుందో విప్పితే తెలిసింది. హబ్బు లోపల గ్రీజు ఎండి మైనంలా అయ్యింది, దాంట్లో వాన నీళ్లు చేరి బాల్స్ అన్నీ తుప్పు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒక కోను మీద గుంటలు పడ్డాయి. గుంటలు పడిన కోనుని శుభ్రం చేసి మళ్లీ వేస్తే కొత్త బాల్స్‌ని కూడా అది తినేస్తుంది, మార్చేయాలి. మా సైకిలుకి ముందు చక్రంలో పక్కకి 10 చొప్పున సన్న బాల్స్ (3/16 అంగుళం), వెనక చక్రంలో పక్కకి 9 చొప్పున పావు అంగుళం బాల్స్, పెడళ్ల ఇరుసులో పక్కకి 11 చొప్పున పావు అంగుళానివి వచ్చాయి. విప్పేటప్పుడు కింద పాత దుప్పటి పరవండి. ఒక్కటి మట్టిలో పడితే వెతుక్కోవడమే. పాతవీ కొత్తవీ కలపొద్దు, మారిస్తే సెట్టు మొత్తం మార్చాలి.

గ్రీజు విషయంలో మన ప్రకృతి సేద్యం వాళ్లకి ఒక మాట. మా తాతల కాలంలో ఎడ్లబండి ఇరుసుకి కందెన వేసేవారు. గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి, గొట్టంలో పోసి బండికి వేలాడదీసేవారు. చెక్క బండికి అది అద్భుతంగా పనిచేసింది. నాకూ సరదా పుట్టి సైకిలు చైనుకి ఆముదం రాసి చూశాను. వారానికల్లా కట్ట మీద దుమ్మంతా పట్టి నల్ల జిగురు అయ్యింది. బాల్స్ ఉన్నచోట మామూలు గ్రీజే పెట్టండి, చైనుకి పల్చటి మిషను నూనె చుక్కలు వేసి పైపైన తుడిచేయండి. ప్రతిదానికీ వంటింట్లో మందు దొరుకుతుందని నేను నమ్మను.

తుప్పుకి మాత్రం దొరికింది. చింతపండు నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి, విప్పిన చిన్న సామాన్లన్నీ (బ్రేకు రాడ్లు, నట్లు, స్టాండు స్ప్రింగు) అందులో రాత్రంతా ఉంచితే తుప్పు మెత్తబడి పాత టూత్‌బ్రష్‌కి ఊడొచ్చింది. పులుపులో ఉన్న ఆమ్లం చేసే పని అది. కొబ్బరి పీచుతో రుద్దితే ఇంకా బాగా వచ్చింది. మన దగ్గర కషాయాలకి ఉంచే బాగా పులిసిన మజ్జిగ కూడా పనిచేస్తుంది గానీ ఎక్కువ టైం తీసుకుంటుంది. జాగ్రత్త ఏంటంటే, పులుపు అలాగే వదిలేస్తే మర్నాటికి కొత్త తుప్పు వస్తుంది. నీళ్లతో కడిగి, వంటసోడా నీళ్లలో ముంచి, వెంటనే ఎండలో ఆరబెట్టి, వేడి మీదే నూనె గుడ్డతో తుడవాలి. బాల్స్, కోన్లు, చైను పులుపులో వేయొద్దు. ఫ్రేము మీద మురికికి కుంకుడుకాయ రసం చాలు, రంగు మీద మెరుపు పోదు. రిమ్ములు, హ్యాండిల్ మీద ఉన్న క్రోమియంకి గరుకు కాగితం అసలు వద్దు. టిఫిన్లు చుట్టే అల్యూమినియం రేకు చిన్న ఉండ చేసి నీళ్లలో తడిపి రుద్దండి. తుప్పు మచ్చలు పోతాయి, క్రోమియం గీరుకుపోదు. మా అమ్మాయి రెండు రిమ్ములూ ఒక ఆదివారంలో మెరిపించింది.

కిరసనాయిలుతో కడిగిన మురికిని పెరట్లో పారబోయకండి. ఇన్నేళ్లు కష్టపడి వానపాముల్ని తెచ్చుకున్న నేల అది. సీసాలో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకి చేరుతుంది, పైన తేటని మళ్లీ వాడుకోవచ్చు. మడ్డి మూత పెట్టి పిల్లలకి అందకుండా దాచాను, తెనాలిలో పాత ఇంజనాయిలు కొనేవాళ్ల డబ్బాలో కలిపేశాను.

అన్నిటికంటే ఎక్కువ తుప్పు ఎక్కడుందో తెలుసా? క్యారియరు కింద, వెనక మడ్‌గార్డు మీద. వానకంటే ఎక్కువ పాడు చేసింది మన ఆవు మూత్రమే. ఆరేళ్ల కిందట జీవామృతం మొదలెట్టిన కొత్తలో, సైకిలు ఆగిపోయేదాకా, చేను దగ్గర డ్రమ్ముకి మూత్రం, బెల్లం అన్నీ ఈ క్యారియరు మీదే మోశాం. ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ము కలపాలంటే 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం కావాలి కదా. మూత సరిగ్గా లేని క్యాను నుంచి కారిన ప్రతి చుక్కా ఇనుముని తినేసింది. టీవీఎస్ మీద మోసేవాళ్లూ గమనించండి. క్యాను కింద పాత ట్యూబు ముక్క పరిచి, దించాక చెంబుడు నీళ్లు పోస్తే చాలు.

ఇక ఆ అక్షరాలు. మడ్‌గార్డు మీద తుప్పు చూసి నాకు చిరాకేసి, గరుకు కాగితం తీసుకుని రుద్దడం మొదలెట్టాను. తుప్పుతో పాటు నాన్న పేరులో మొదటి అక్షరం, ఇంటి పేరులో సగం పోయాయి. "నాన్నా ఆగు! తాతయ్య పేరు!" అని అమ్మాయి అరిచింది. అప్పుడు చూశాను. నలభై ఏళ్లకి పైగా ఎండకీ వానకీ నిలిచిన అక్షరాలు రెండు నిమిషాల్లో నా చేతిలో పోయాయి. నాన్న వచ్చి చూసి "పోతే పోయిందిలేరా, నన్నెవరు మర్చిపోతారు ఊళ్లో" అన్నాడు గానీ, వేలితో ఆ ఖాళీ చోటు రెండుసార్లు తడిమాడు. మళ్లీ రాయిద్దామంటే వద్దన్నాడు. మిగిలిన అక్షరాల మీద పల్చగా నూనె రాసి వదిలేశాం. రంగు కూడా కొత్తది వేయలేదు. ఫ్రేము మీద బంగారు గీతలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి, తుప్పు బయటపడ్డ చోట మాత్రమే నల్ల రంగు అద్దాం. మీరూ ముందు చూడండి, తర్వాతే రుద్దండి. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

చైను అరిగిందో లేదో పిల్లల అడుగు స్కేలుతో తేలిపోతుంది. ఒక పిన్ను దగ్గర సున్నా పెట్టి చైను సాగదీసి పట్టుకుంటే 24 అర అంగుళాల లంకెలకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. మాది పన్నెండుంబావు వచ్చింది. అంత సాగిన చైను పళ్లని కూడా అరగదీస్తుంది. చైను, ఫ్రీవీల్ రెండూ మార్చాం. పెద్ద పళ్ల చక్రం బాగానే ఉంది. టైర్లు, ట్యూబులు ఎలాగూ కొత్తవే. సైజు 28 × 1½ అని అడిగి తీసుకోండి. "28 అంగుళాలు" అని మాత్రమే అంటే సన్నవి ఇస్తారు, అవి ఈ రిమ్ముకి ఎక్కవు. సామాన్ల ఖర్చు మొత్తం మీద రెండు వేల లోపే అయ్యింది. మూడు వారాల సాయంత్రాలు పట్టింది.

రిమ్ము బెండు తీయడం చూసి భయపడకండి. సైకిలు తలకిందులుగా పెట్టి, ఫోర్కుకి చీపురుపుల్ల కట్టి దాని కొస రిమ్ముకి దగ్గరగా ఉంచండి. చక్రం తిప్పితే ఎక్కడ తగులుతుందో అక్కడ వంపు. రిమ్ము ఎడమకి వస్తే ఆ చోట కుడి వైపు పుల్లలు అర చుట్టు బిగించి, ఎడమవి అర చుట్టు వదలాలి. అర చుట్టుకి మించి తొందరపడొద్దు. అయితే రాడ్డు బ్రేకు సైకిలుకి పక్క వంపు కంటే ఎగుడు దిగుడు ముఖ్యం. ఈ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టవు, లోపలి వైపు నుంచి, అంటే ఇరుసు వైపు నుంచి పైకి నొక్కుతాయి. రిమ్ము ఎత్తు పల్లాలుగా ఉంటే ప్రతి చుట్టుకీ ఒకచోట పట్టి ఒకచోట వదిలేస్తుంది. చీపురుపుల్లని రిమ్ము అంచుకి పెట్టి అది కూడా సరి చేయండి. హబ్బు బిగింపు సరిగ్గా ఉందా అని చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. చక్రం ఎత్తి పట్టుకుని వదిలితే, వాల్వు బరువుకి చక్రం తనంతట తానే మెల్లగా తిరిగి వాల్వు కిందకి రావాలి. రాలేదంటే కోను ఎక్కువ బిగించారని. పక్కకి లొడలొడ ఆడితే తక్కువ.

బ్రేకుల మీద మాకు రెండు రోజులు పట్టింది. తొక్కే మనిషికి బ్రేకు ఆగడానికి. నడిపించుకెళ్లే ముసలాయనకి బ్రేకే ఊతం. కాలు తడబడినప్పుడు ఆయన రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకుంటే సైకిలు నేలలో పాతిన గుంజలా నిలబడాలి. పట్టకపోతే ఆయనతో పాటు సైకిలూ ముందుకి జారుతుంది, చేతికర్ర కంటే ప్రమాదం. అందుకని కొత్త రబ్బర్లు వేసి, రెండు మూడు మిల్లీమీటర్ల సందు మాత్రం ఉంచి, కొంచెం నొక్కగానే పట్టేలా రాడ్లు సర్దాం. ఆయన వంగకుండా పట్టుకోవాలని హ్యాండిల్ ఒక అంగుళం పైకి లేపాం. హ్యాండిల్ లేపితే రాడ్డు బ్రేకులు రెండూ మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి, ఎందుకంటే రాడ్లు హ్యాండిల్‌కే తగిలించి ఉంటాయి. ఈ సంగతి నాకు బ్రేకులు సర్దడం పూర్తయ్యాక తెలిసింది! హ్యాండిల్ గొట్టం మరీ పైకి లాగకండి, లోపల కనీసం రెండున్నర అంగుళాలైనా ఉండాలి. వానలో తడిసిన క్రోమియం రిమ్ము మీద రబ్బరు సరిగ్గా పట్టదు, కాబట్టి వాన రోజు కట్ట ఎక్కొద్దని నాన్నకి చెప్పాం. వింటాడని హామీ ఇవ్వలేను.

సైడు స్టాండు కూడా బిగించాం. పెద్ద స్టాండు వేయాలంటే వెనక చక్రం ఎత్తి లాగాలి, ఆ బరువు ఆయన మోకాళ్లకి వద్దు. "సైడు స్టాండేంట్రా, కుర్రాళ్ల బండిలా" అన్నాడు మొదట. తర్వాత తీయమనలేదు.

ఉగాది ముందు రోజు సైకిలు వాకిట్లో పెట్టాం. నాన్న ముందు గంట కొట్టి చూశాడు, పాత గంటే, లోపల స్ప్రింగు మార్చాం. బ్రేకు పట్టి ముందుకి తోసి చూశాడు, కదలలేదు. వదిలి తోశాడు. చప్పుడే లేదు. "ఏరా, ఇది తిరుగుతోందా?" అని కిందకి వంగి చూశాడు. మర్నాడు పొద్దున నేను పాలు తీసి వచ్చేసరికి అరుగు మీద లేడు. కొడవలి లేదు, మంచినీళ్ల సీసా లేదు. నేను బండి తీసి కట్ట మీదకి వెళ్లాను. సగం దూరంలో ఉన్నాడు. ఆగి, హ్యాండిల్ మీద ఒరిగి, కాలవ అవతల వాళ్ల మొక్కజొన్న చూస్తున్నాడు. ఎక్కిస్తానని నేను అడగలేదు, పక్కనుంచి వెళ్లిపోయి చేలో కూర్చున్నాను. వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది.

వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, "ఆ తూము దగ్గర గట్టు ఎండ్రకాయ తొలిచింది, చూశావా?" నేను చూడలేదు. రోజూ ఆ గట్టు మీదే నడుస్తున్నాను.

అప్పటి నుంచి వారానికి నాలుగైదు రోజులు వస్తున్నాడు. మోకాళ్లు బాగయ్యాయని చెప్పను, నొప్పులు నొప్పులే. రాత్రి ఆవాల నూనె రాయించుకుని పడుకుంటాడు. పడిపోతాడేమోనని మా ఆవిడకి భయం ఇంకా పోలేదు, "మామయ్యా, ఫోను జేబులో పెట్టుకున్నారా?" అని రోజూ అడుగుతుంది. ఆయన పెట్టుకున్నానంటాడు, ఫోను మంచం మీద మోగుతూ ఉంటుంది.

నవధాన్యాలు వచ్చే వారం చల్లుతున్నాం, గింజలకి బీజామృతం పట్టించే పని నాన్నదే. నిన్న సాయంత్రం వెనక టైరులో గాలి తగ్గిందన్నాడు. పంచరు కాదు, వాల్ ట్యూబు ఎండలో మెత్తబడి అంటుకుపోయింది. అర అంగుళం ముక్క కొత్తది తొడిగితే సరి. మా అమ్మాయి తొడుగుతుంటే ఫోనులో తీశాను, ఆ చిన్న వీడియో కూడా కింద పెడుతున్నాను.